తాడుకి ఎన్ని మార్కులు

బుధవారం, మూడో పీరియడ్.
బ్లఫ్ ఊరి చివర మా బడి కిటికీల్ని
సముద్రపు గాలి
అప్పు వసూలుకొచ్చినవాడిలా బాదుతోంది.
నా ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితం,
కాగితం మీద నాలుగు గడులు:
గొంతు. ఒళ్లు. చోటు. వినికిడి.
ఒక్కోదానికీ ఒకటి నుంచి నాలుగు.
ఏడేళ్ల పిల్లలు ఇరవై ముగ్గురు.
శుక్రవారానికల్లా పైకి పంపాలి.

ఇవాళ్టి నాటకం, తుఫానులోంచి పడవ ఇంటికి రావడం.
రాసినవాళ్లెవరూ లేరు.
ఎనిమిది కుర్చీలు పడవ,
నీలం దుప్పటి నీళ్లు.
దుప్పటి అంచులు ఊపేవాళ్లు ఇద్దరు,
సముద్రం వాళ్ల సొంతమైనట్టు మొహాలు.

లాక్లన్ కెప్టెన్. తనే అయ్యాడు, నేను పెట్టలేదు.
గుక్క తిప్పుకోకుండా అరిచాడు:
"ఆయిస్టర్లు పోతే పోనీ, మనుషుల్ని లెక్కపెట్టండి!"
ఇంట్లో ఎవరిదో ఆ మాట,
వాడి నోటికింకా కాస్త వదులు,
అన్నయ్య చొక్కాలాగ.
గొంతు: నాలుగు.
వినికిడి: ఒకటి. పోనీలే అని కొట్టేసి, రెండు.
పక్కవాడు మునిగిపోతున్నా చూడలేదు మరి.

సెఫీనా గాలి అయింది.
గాలికి చేతులుండవని ఎవరో అంటే
చేతులు వీపు వెనక కట్టేసుకుని
ఈలతోనే గదంతా తిరిగింది.
ఇది గొంతా? ఒళ్లా?
రెండు గడుల మధ్య గీత మీద నాలుగు వేశాను.

ఇక రేవి.
వాడికో వేషం ఇవ్వాలని ఎవరికీ తోచలేదు.
రేవు గట్టున నిలబడ్డాడు,
ఎక్కడో ఒకచోట నిలబడాలి గనక.
పడవ దగ్గరికొచ్చింది. కెప్టెన్ ఇంకా అరుస్తూనే ఉన్నాడు.
రేవి చెయ్యెత్తి తాడు అందుకున్నాడు.
తాడు లేదు.
విసిరినవాళ్లూ లేరు.
బరువుకి రెండడుగులు ముందుకి ఈడ్చుకుపోయి,
మడమలు తన్నిపెట్టి, వెనక్కి వాలి,
దిమ్మకి రెండు చుట్లు వేసి
(దిమ్మా లేదు)
తడి అరచేతులు లాగుకి తుడుచుకున్నాడు.
కుర్చీల్లో ఎనిమిదిమందీ ఒక్కసారి అటు ఒరిగారు.
ఒరగమని నేను చెప్పలేదు.

గంట కొట్టారు. పడవ మళ్లీ కుర్చీలైంది.
సముద్రాన్ని మడతపెట్టి బీరువాలో పెట్టాం.
అందరూ అన్నం డబ్బాల మీద పడితే
రేవి ఒక్కడూ ఉండిపోయి
బొటనవేలికీ మోచేతికీ మధ్య
తాడుని చుట్టగా చుట్టి
తలుపు పక్కన, మేకు లేని చోట, తగిలించాడు.

సాయంత్రం ప్రిన్సిపాల్ మోరగ్,
'ర' అక్షరాన్ని గులకరాయిలా దొర్లిస్తూ,
"మార్కుకి ఆధారం ఉండాలి, ఫోటో తీశావా?" అంది.
తీశాను.
ఫోటోలో ఒక పిల్లాడు, ఖాళీ చేతులు,
వెనక కొక్కేనికి ఎవరిదో ఆకుపచ్చ రెయిన్‌కోటు.

గొంతు: ఒక్క మాటా లేదు.
ఒకటి వేయాలి. వేశాను.
గడి తప్పు చెప్పలేదు,
అడిగినదానికే జవాబు రాసుకుంది.

గురువారం పొద్దున. వాన.
తడి బూట్లు కిచకిచమంటూ వరుస లోపలికొస్తోంది.
తలుపు దగ్గర లాక్లన్,
మాట ఆపకుండా, కిందికి చూడకుండా,
కాలెత్తి దేన్నో దాటాడు.
వెనక సెఫీనా దాటింది.
ఆ వెనక సముద్రపు ఓనర్లిద్దరూ.

పెన్ను మూత తీసి
లాక్లన్ వినికిడిలో రెండు కొట్టేసి
మూడు చేశాను.

అందరికన్నా ఆఖర్న రేవి.
గుమ్మంలో ఆగాడు. నేలని చూశాడు.
వంగి, జారిన కొసని ఏరి,
చుట్టలోకి దోపి,
నావైపు తిరిగి
"ఎవరైనా పడతారు మిస్" అన్నాడు,
తప్పు తనదేనన్నట్టు, మెల్లిగా.

గొంతు గడిలో నిన్న ఒకటి వేశానా,
దాన్ని కొట్టేశాను.
పక్కన ఏం వేయాలో
రేపటిదాకా టైముంది.